సాగదీసిన మలుపు

సర్వే ఆఫీసులో ఆమెను అందరూ గీతలమ్మ అనేవారు. కొలిచి తెచ్చిన అంకెల్ని కంప్యూటర్లో పటంగా మార్చడం ఆమె పని. తల్లి పోయాక ఆమెను పెంచింది లారీ డ్రైవరైన మేనమామ. నిరుడు ఆయన లోయ పక్క మలుపు దగ్గర లారీతో సహా పడి చనిపోయాడు.

అప్పుడెవరో హడావుడిగా గీసిన ఆ మలుపు పటం పేపర్లో పడింది. కొడవలంత వంకర. “దేవుడు దిగొచ్చినా అక్కడ తిప్పలేడు” అన్నారు చూసినవాళ్లు. ఆ మాటే ఆయన్ని పోగొట్టుకున్న అత్తకు ఇన్నాళ్లూ ఊరట.

ఇప్పుడు ఆ మలుపును ఏం చేయాలో తేల్చే ఫైలు గీతలమ్మ దగ్గరికొచ్చింది. పాత పటంలో తప్పు ఇట్టే దొరికింది. రోడ్డు పొడవు నాలుగువందల మీటర్లు, పక్కకు ఒంగింది ముప్పై. కాగితం నిండాలని సాఫ్ట్‌వేర్ ఆ ముప్పైని నాలుగువందలంత చేసి సాగదీసింది. ఆమె నిలువుకూ అడ్డానికీ ఒకే కొలత పెట్టింది. కొడవలి కాస్తా వాలిన గడ్డిపోచయింది. ప్రమాదం రోజు కొలిచిన టైర్ల జాడ మాత్రం ఆ ఒంపును పట్టించుకోకుండా నేరుగా అంచుదాకా పోయింది.

ఇలాంటి మలుపు మామ బీడీ ముట్టించుకుంటూ తిప్పేవాడు. ఆమె కళ్లు మూసినా తెరిచినా లారీ తిన్నగా వెళ్లిపోతూనే ఉంది.

“ఏం గీతలమ్మా, గీత దెయ్యమై పట్టిందా?” అన్నాడు సర్వేయరు. “రేపు ఫైలు పంపాలి. మళ్లీ పేపర్లో వేస్తారట.”

పేపర్లో చూసేకంటే తన నోట వినడం మేలని, సాయంత్రం పటం పట్టుకుని అత్త దగ్గరికెళ్లింది.

“ఇదేం రోడ్డే?”

“మామ పడ్డదే అత్తా. అప్పటిది సాగిపోయిన బొమ్మ. అసలుది ఇది.”

అత్త ఒంపు మీద వేలు పెట్టి చివరిదాకా జరిపింది.

“ఈ కాస్త ఒంపు తిప్పలేదంటే కునుకే పట్టింది. ఆ రోజు నిద్ర చాల్లేదు, ఇవాళ మానేస్తానన్నాడే. నేనే, మొద్దునిద్ర నువ్వూనూ అని మొహాన నీళ్లు కొట్టి లేపాను.”

గీతలమ్మ పటం మడవబోతే అత్త చెయ్యి అడ్డుపెట్టింది.

“పాతదే పంపవే. నీ చేతిలో పనేగా.”

“అది పంపితే తప్పంతా మలుపుదే అనుకుంటారత్తా. లారీ ఆపుకుని కాసేపు పడుకునే చోటు ఎవరూ కట్టరు.”

అత్త పటాన్ని మడిచి ఆమె చేతిలో పెట్టింది.

“అయితే ఇదే పంపు. ఇవాళ్టికి మాత్రం ఇక్కడే ఉండు. రోజూ తెల్లారగట్ల నా మొహాన ఎవరో నీళ్లు కొడుతున్నారు. ఎవరో నువ్వు చూసి చెబుదువుగాని.”