ఫార్మాట్ కొట్టని దానియేలు

కోదాడ బస్టాండు వెనక సందులో కంప్యూటర్లు బాగుచేసే దానియేలుకు నిమ్మళం దానియేలని పేరు. పక్క షాపులవాళ్ళు అరగంటలో ముగించే పనికి ఈయన ఒక పూట తీసుకుంటాడు. వాళ్ళు చేసే ఘనకార్యం ఏముంది గనక! ఫార్మాట్ కొట్టి, పాతదంతా తుడిచేసి, కొత్త విండోస్ ఎక్కించడం. దానియేలు మాత్రం చెడిపోయిన, మాయమైన ఫైళ్ళను మళ్ళీ తెచ్చి పెడతాడు. మిగతాది ముట్టుకోడు. ఎందుకయ్యా అంటే మాట దాటేస్తాడు.

డిసెంబరులో అనంతగిరి నుంచి పుష్ప వచ్చింది. జాకెట్ల మీద కంప్యూటర్ మిషన్‌తో పూలు కుట్టే మనిషి. సీపీయూను దుప్పట్లో చుట్టుకుని, ఆటోలో ఒళ్ళో పెట్టుకుని వచ్చిందట.

"క్రిస్మస్‌కు ఇల్లు దులిపి సున్నమేసినం దానియేలన్నా. కంప్యూటర్ నిండిందని సూపిస్తుంటే దీన్ని కూడ దులిపిన. నేను పెట్టినయి కానివన్నీ తీసేసిన."

"విండోస్ అని రాసున్న ఫోల్డర్లనా?"

"ఆ. అది నాది కాదు గదా!"

ఔరా అనుకున్నాడు దానియేలు. కిరాయి ఇంట్లో ఉంటూ, గోడలు మనవి కావని పడగొట్టినట్టుంది ఈమె పని. తెర వెలుగుతోంది గానీ, ఏది నొక్కినా ఫలానా ఫైలు లేదని ఒకటే గోల.

ముందు ఆమె గీసుకున్న డిజైన్లన్నీ వేరే డిస్కులోకి నకలు తీశాడు. అంతటితో అయిపోలేదు. వాటిని మిషన్‌కు పంపే ప్రోగ్రాం ఇందులోనే ఉంది. అది అమ్మిన మిర్యాలగూడ షాపు ఎప్పుడో ఎత్తేశారు. ఫార్మాట్ కొడితే ప్రోగ్రాం పోతుంది, మళ్ళీ ఎక్కడా దొరకదు.

"అది పోతే మిషన్ మూలకు పడ్డట్టే అన్నా. నా బతుకంతా దాని మీదనే," అంది పుష్ప.

అదే రకం విండోస్ ఉన్న పెన్‌డ్రైవ్ పెట్టాడు. ఫైళ్ళూ ప్రోగ్రాములూ అలాగే ఉంచమనే చోట గుర్తు ఉందో లేదో మూడుసార్లు చూశాడు. విండోస్ ఎక్కడం అరవై నాలుగు శాతం దగ్గర ఆగిపోయింది. గంట గడిచినా కదలదే!

"ఇంకెంతసేపే అన్నా, ఫార్మాట్ కొట్టు, ఖతం," అన్నాడు పక్క సెల్‌ఫోన్ షాపు హరీష్.

"నీ పని నువ్వు సూస్కోరాదు!" అని కసిరాడు దానియేలు. ఎవరినీ కసరని మనిషి.

రెండో గంటకు కదిలింది. కంప్యూటర్ దానంతటదే ఆగి మళ్ళీ మొదలైంది. పుష్ప ప్రోగ్రాం నొక్కింది. తెర మీద చిలకల బార్డరు విచ్చుకుంది.

"నీ చేతిల పడితే ఏదీ పోదన్నా," అంది కళ్ళు తుడుచుకుంటూ.

దానియేలు సొరుగు లాగి, గుడ్డలో చుట్టిన పాత హార్డ్‌డిస్క్ బల్ల మీద పెట్టాడు.

"చిలుకూరు కరుణమ్మది. తొమ్మిదేండ్లయింది. దీంట్ల ఏమున్నయమ్మా అంటే, నాలుగు పాటలున్నయన్నది. పాటలే గద, మళ్ళ ఎక్కిస్తలే అని ఫార్మాట్ కొట్టిన."

"ఎక్కించినవా మరి?"

"అవి సినిమా పాటలు కావు చెల్లె. వాళ్ళ నాయిన మత్తయ్య పాడినయి. అప్పటికే ఆయన సచ్చిపోయి ఏడాది. ఎంత ఎతికినా మళ్ళ తేలేకపోయిన."

పుష్ప చెయ్యి పోయి తన సీపీయూ మీద ఆనింది.