కొండల్లో రాతి సత్రం, అత్తగారు, నా అరబ్బీ

కూతుర్ని కాపురానికి పంపాలా వద్దా అని తేల్చుకోవడానికి సముద్రం దాటి వచ్చిన అత్తగారిని ఏ అల్లుడైనా ఎలా చూసుకుంటాడు? కాలు కింద పెట్టనివ్వడు. ఎత్తైన భవనాలు చూపిస్తాడు, ఖర్జూరాలు కొనిపెడతాడు. నేను మాత్రం మా అత్తగారిని ఫోను సిగ్నలు కూడా అందని కొండల్లోకి తీసుకెళ్ళి, ఒక చీకటి రాతిగదిలో పెట్టి తలుపు వేయించాను. అదీ ఆవిడ చేతే వేయించాను. అప్పుడే నవ్వకండి, దాచుకోండి. ముందు ముందు చాలా అవసరం పడుతుంది.

కరోనా తగ్గి విమానాలు మామూలుగా తిరుగుతున్న ఒక చలికాలం అది. నాకు కొత్తగా పెళ్ళయింది. దుబాయ్ జెబెల్ అలీలో ఒక గోదాము ఆఫీసులో నా ఉద్యోగం, షార్జా రోలాలో అద్దె ఫ్లాటు. నా భార్య మాధవి రాజమండ్రిలో కాలేజీ లెక్చరరు. ఆ ఉద్యోగం మానేసి నా దగ్గరికి రావాలంటే వాళ్ళమ్మగారి అనుమతి కావాలి. ఆ అమ్మగారు, అంటే మా అత్తగారు అనసూయమ్మగారు, రిటైరైన సోషల్ టీచరు. ఆవిడ చూస్తే చాలు, ఆఖరి బెంచీలో కూర్చుని పాఠం వినకుండా దొరికిపోయినట్టు ఉండేది నాకు.

పెళ్ళిచూపుల్లో ఆవిడ నన్ను ఒకే ఒక ప్రశ్న అడిగారు.

"అక్కడ భాషతో ఇబ్బంది లేదా బాబూ?"

పక్కన మాధవి కూర్చుని ఉంది. పట్టుచీర కట్టుకుని ఉంది. ఆ పరిస్థితిలో మగవాడు నిజం చెప్పగలడా?

"అరబ్బీయా అండీ? నాకు తెలుగెంతో అదీ అంతే," అన్నాను.

నిజానికి దుబాయ్‌లో ఏళ్ళ తరబడి ఉన్నా మా గోదాములో అందరితో హిందీతోనే గడిచిపోతుంది. పలకరింపులు పక్కనపెడితే నాకు వచ్చిన అరబ్బీ ఏమిటంటే 'యల్లా', 'ఖలాస్', 'మాఫీ ముష్కిల్', ఇంకా ఔను అనడానికి 'నఅమ్'. పదండి, అయిపోయింది, ఏం ఫర్వాలేదు, ఔను. ఈ నాలుగు ముక్కలతో మనిషి ఎంత దూరం పోగలడో ఆ కొండల్లోనే తెలిసింది. ఎక్కడ పడతాడో కూడా.

అత్తగారు మాధవిని వెంటబెట్టుకుని వచ్చిన మొదటి వారం మాల్స్ చూపించాను. ఆవిడ పెదవి విరిచారు.

"ఈ అద్దాల మేడలు హైదరాబాదులోనూ ఉన్నాయి. ఈ దేశంలో పాతకాలం నాటిది ఏదైనా చూపించండి బాబూ."

ఆఫీసులో ఎవరో చెప్పారు, రస్ అల్ ఖైమా దాటి కొండల్లోకి పోతే పాత రాతి సత్రం ఒకటుందని. పూర్వం సముద్రతీరం నుంచి గాడిదల మీద సరుకు వేసుకుని కొండలు దాటే వర్తకులు అక్కడ ఆగేవారట. ఇప్పుడు బాగుచేసి, వచ్చిన వాళ్ళకి భోజనం పెట్టి, పడుకోవడానికి గదులు ఇస్తున్నారట. 'అత్తగారి మీద గెలుపు ఇక్కడే' అనుకుని శుక్రవారం పొద్దున్నే కారు తీశాను.

ఎక్కడ చూసినా బోడి కొండలు. చెట్టూ లేదు, పుట్టా లేదు. మలుపు తిరిగితే మేకలు, ఇంకో మలుపు తిరిగితే అవే మేకలు. చివరికి లోయ అంచున సత్రం కనిపించింది. కొండలోంచే మొలిచినట్టుంది. రాతిగోడలు, తాటిదూలాల కప్పు, వంగితేనే పట్టే గుమ్మాలు. తెల్లటి నిలువు అంగీ, తలకు రుమాలు, చేతిలో సన్నటి కర్రతో నడివయసు యజమాని ఎదురొచ్చాడు. పేరు ఖమీస్ అని చెప్పుకున్నాడు.

అక్కడైనా నేను హిందీలో పలకరించి ఉంటే ఈ కథ ఉండేది కాదు. వెనకాల అత్తగారు నిలబడి ఉన్నారు. ఛాతీ విరిచి, గొంతు మార్చి, "మర్హబా! అస్సలాము అలైకుం! కైఫ్ హాలక్!" అని గుక్క తిప్పుకోకుండా వదిలాను. ఖమీస్ మొహం వెలిగిపోయింది. అరబ్బీ వచ్చిన అతిథి దొరికాడని సంబరపడి, కొండవాగులా అందుకున్నాడు. నేను ఆ వాగులో గులకరాయిలా కొట్టుకుపోతూ, ఊపిరాడినప్పుడల్లా తల నిలువుగా ఊపుతూ "నఅమ్, నఅమ్" అంటున్నాను.

"ఏమంటున్నాడు బాబూ?" అన్నారు అత్తగారు.

"ఇది చాలా పాతదటండీ."

"అంతసేపు మాట్లాడాడు. అంతేనా?"

"అరబ్బీ అంతేనండీ. మాటలెక్కువ, భావం తక్కువ."

ఖమీస్‌కి ఎందుకో పొలమారింది. దగ్గుతూ మమ్మల్ని లోపలికి తీసుకెళ్ళాడు.

వసారాలన్నీ దాటాక, పెరటివైపు విడిగా ఒక చిన్న రాతిగది ఉంది. బరువైన పాత చెక్కతలుపు, పైన ఎక్కడో పిడికెడు కిటికీ. ఖమీస్ ఆ తలుపు మీద కర్రతో తట్టి, వేలు అడ్డంగా ఊపుతూ గట్టిగా చెప్పాడు: "అల్ బాబ్ ఖర్బాన్. లా తసక్కిర్!"

నా చెవులు ఆ మాటల్ని ఎలా విన్నాయో చెప్తాను, తీర్పు మీరే ఇవ్వండి. 'బాబ్' అన్నాడు కదా, నన్నే ప్రేమగా 'బాబూ' అంటున్నాడనుకున్నాను. 'ఖర్బాన్' నాకు హిందీ 'కుర్బాన్'లా వినిపించింది. అంటే ఎవరో ప్రాణం అర్పించారన్నమాట! ఇక 'సక్కిర్' సంగతి చెప్పాలా? చక్కెర. కాఫీలో చక్కెర వెయ్యం అంటున్నాడేమో, అందుకే వేలు అడ్డంగా ఊపుతున్నాడనుకున్నాను.

"నో, నో! సక్కర్ జ్యాదా!" అన్నాను.

ఖమీస్ తెల్లబోయి, మళ్ళీ తలుపు తట్టి, మళ్ళీ అదే మాట అన్నాడు. నేనూ తగ్గలేదు. "నఅమ్! సక్కర్ జ్యాదా! మాఫీ ముష్కిల్!" అతను నా మొహంలోకి అదోలా చూసి, భుజాలెగరేసి, కాఫీ తేవడానికి వంటింట్లోకి వెళ్ళిపోయాడు.

"తలుపు గురించి ఏదో చెప్పాడు కదూ?" అన్నారు అత్తగారు, కళ్ళజోడు సవరించుకుంటూ.

ఇక నన్ను ఎవరూ ఆపలేకపోయారు. నేనే ఆపుకోలేకపోయాను.

"గొప్ప కథేనండీ! పూర్వం ఒక రాకుమారి, తను ప్రేమించిన వర్తకుడి కోసం ఈ గదిలో ఎదురుచూస్తూ ప్రాణాలు వదిలేసిందట. అప్పటినుంచీ ఇది చాలా మహిమగల గదట. ఒంటరిగా లోపలికెళ్ళి, తలుపు వేసుకుని, మనసులో ఏది కోరుకుంటే అది జరుగుతుందట."

మాధవి నన్ను పక్కకి లాగింది. "ఏవండీ, నిజంగా ఇదంతా ఆయన చెప్పాడా?"

"సారాంశం," అన్నాను.

అత్తగారు చెప్పులు విప్పారు. కొంగు భుజం నిండా కప్పుకుని, గడపకి నమస్కరించి, లోపలికి వెళ్ళి తలుపు మూశారు. లోపల ఏదో కొయ్య 'ఠక్' మని పడింది. ఆ చప్పుడు ఇప్పటికీ నాకు కలల్లో వినిపిస్తుంది.

కాసేపటికి లోపల్నుంచి ఆవిడ గొంతు: "బాబూ, కోరుకోవడం అయిపోయింది. తలుపు రావట్లేదు."

తోశాను. రాలేదు. భుజంతో గుద్దాను. భుజం నొప్పి పుట్టింది, తలుపుకి ఏమీ కాలేదు. మాధవి కంగారుగా ఫోను తీసింది. సిగ్నలు లేదు.

"ఏవండీ, అమ్మకి ఉక్కపోతంటే పడదు. ఏదో ఒకటి చెయ్యండి!"

"నేను బాగానే ఉన్నానే," లోపల్నుంచి పాఠం చెప్పే గొంతు వినిపించింది. "గోడ మందం చూస్తున్నాను. మంచి కట్టడం. కానీ వాసన రాకుమారి వాసనలా లేదు."

మొత్తం కాపురం ఆ తలుపుకి అటువైపు ఉండిపోయింది. 'అల్లుడు నన్ను గదిలో పెట్టి బంధించాడు' అని రాజమండ్రిలో ఆవిడ చెప్పే దృశ్యం కళ్ళముందు తిరుగుతోంది. అప్పుడొచ్చాడు ఖమీస్, చేతిలో కాఫీ పళ్ళెంతో. పళ్ళెంలో చిన్న చిన్న కప్పులు, పక్కన గిన్నెడు చక్కెర, కొండలాగా.

మూసిన తలుపు చూడగానే అతని నోటి వెంట అరబ్బీ దూకింది. తలుపుకి చెవి ఆనించి, ఏదో పైకెత్తుతున్నట్టు చేత్తో సైగ చేస్తూ లోపలికి గట్టిగా చెప్పాడు.

"ఏమంటున్నాడు బాబూ?" లోపల్నుంచి అత్తగారు.

అప్పుడైనా నిజం ఒప్పుకోవచ్చు. కానీ అలవాటైన నోరు ఊరుకుంటుందా?

"ధైర్యంగా ఉండమంటున్నాడండీ!"

ఖమీస్ నావైపు మెల్లగా తిరిగాడు. పళ్ళెం అరుగు మీద పెట్టాడు. మీసం దువ్వుకున్నాడు.

"ధైర్యం కాదు సామీ," అన్నాడు, అచ్చమైన కడప జిల్లా తెలుగులో. "ఎడం పక్క కొయ్య ఉండాది, దాన్ని పైకి లేపమని చెప్తాండా."

పక్కనున్న కొండలు ఆ క్షణాన విరిగి నా మీద పడి ఉంటే ఎంతో మేలు చేసినట్టయ్యేది. పడలేదు.

"అమ్మా, బయపడాకండి! చేత్తో తడిమి చూడండి, ఎడం పక్క గోడకు ఆనుకోని కొయ్య ఉంటాది. పైకి లేపి, తలుపు మీ దిక్కు ఈడ్చండి!"

'కిర్రు'మని తలుపు తెరుచుకుంది. జుట్టు నిండా బూజుతో, కళ్ళజోడు మీద దుమ్ముతో అత్తగారు బయటికొచ్చారు. నన్ను చూడలేదు. ఖమీస్‌నే చూశారు.

"తెలుగు ఎలా వచ్చు నాయనా?"

"రాయచోటి ఓబులమ్మ మా ఇంట్లో వంట చేసేదమ్మా. నన్ను ఎత్తుకోని పెంచింది ఆమే. అన్నం తినకపోతే తెలుగులోనే తిట్టేది."

"మరి మాతో తెలుగులో మాట్లాడలేదేం?" అంది మాధవి.

"ఈ సామి అరబీలో మొదలుపెట్ట్యా. మనం తెలుగులో మాట్లాడితే ఆయప్పకు నామోషీ అయితాదేమో అని ఊరకుంటి." ఖమీస్ నావైపు జాలిగా చూశాడు. "తలుపు చెడిపోయిండాది, మూయాకండి అని అన్నితూర్లు చెప్తి కదప్పా. నువ్వేమో చక్కెర శానా కావాలంటివి!"

అత్తగారు పెదవులు బిగించారు. "ఆ రాకుమారి సంగతేమిటి నాయనా?"

"యా రాకుమారి?"

"ఈ గదిలో ప్రాణం వదిలిన రాకుమారి."

ఖమీస్ గదిలోకి తొంగిచూసి, నావైపు చూసి, మళ్ళీ ఆవిడవైపు చూశాడు. "ఈడ మా జేజినాయన మేకల్ని కట్టేసేటోడు తల్లీ."

మాధవి నవ్వాపుకోలేక పొట్ట పట్టుకుని అరుగు మీద కూలబడింది. అత్తగారు గడపకి నమస్కరించిన చేతుల్ని ఒకసారి ముక్కు దగ్గర పెట్టుకుని చూసుకున్నారు. తర్వాత హాయిగా కూర్చుని, ఖమీస్‌ని ప్రశ్నలతో ముంచెత్తారు. వర్తకులు ఎటు పోయేవారు, నీళ్ళు ఎక్కడివి, కప్పుకి తాటిదూలాలు ఎక్కణ్ణించి తెచ్చారు... అతను ఒక్కొక్కటీ విడమరిచి చెప్పాడు. మధ్యమధ్య నా కప్పులో చక్కెర కుమ్మరిస్తూ, "తాగు సామీ, నువ్వడిగిందే కదా," అన్నాడు. వాళ్ళు చక్కెర లేకుండా ఖర్జూరం కొరుక్కుంటూ తాగే కాఫీని నేను పాకం పట్టుకుని తాగాను.

తిరుగుదారి పట్టాం. వెనక సీట్లోంచి తీర్పు ఎప్పుడొస్తుందా అని అద్దంలోకి చూస్తూ కారు నడిపాను. కొండలు దాటాక వచ్చింది.

"మాధవీ, కాలేజీకి రాజీనామా రాసెయ్యవే."

స్టీరింగు చేతిలోంచి జారినంత పనైంది. "అత్తయ్యగారూ! మీరు... నిజంగానా?"

"నిజంగానే బాబూ. అమ్మాయిని పరదేశం పంపుతున్నాం, భర్త ఏమైనా దాచిపెడితే దీనికి ఎలా తెలుస్తుందా అని ఇన్నాళ్ళూ బెంగపడ్డాను. మీతో ఆ బెంగ లేదు. మీ అంత అధ్వాన్నంగా అబద్ధమాడే మనిషిని నా సర్వీసులోనే చూడలేదు."

ఇంతకంటే గొప్ప కితాబు ఈ జన్మలో నాకు దక్కలేదు, దక్కదు కూడా.

అందువల్ల పాఠక మహాశయులారా, మీ అందరి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. నాకు రాని భాషలో ఎవరేం చెప్పినా, ఎంత ప్రేమగా చెప్పినా, ఔనని తల నిలువుగా ఊపను. ఊపాల్సి వస్తే అడ్డంగానే ఊపుతాను. ఇది చదివి మాధవి అంటోంది, "మనవాళ్ళు తల అడ్డంగా ఊపినా ఔననే అనుకుంటారండీ. ఆ మెడ కదపకుండా 'నాకు రాదు' అని నోటితో చెప్పండి చాలు." ఆ సవరణతో సహా ప్రమాణం చేస్తున్నాను.