అలూఫ్ అంటే ఆలూ కాదు

కెనడాలోని వాటర్లూలో రెండో సెమిస్టర్ చదువుతుండగా ఒక బేకరీ వెనక గదిలో నాకు పార్ట్‌టైమ్ పని దొరికింది. ఒక్క ఖాళీ ఉందంటే మా క్లాసులో సగంమంది రెజ్యూమేలు పట్టుకుని వరసలో నిలబడే రోజులవి. బన్నులు సంచుల్లో వేసి మూతి బిగించడం నా పని. బన్నులు మాట్లాడవు కనుక మా మధ్య ఏ ఇబ్బందీ రాలేదు.

మూడు నెలలు నిండాయి. నన్ను ఉంచాలో పంపాలో తేల్చే ముందురోజు మేనేజర్ ఒక మాట అంది. "నీ పని బాగుంది. మనిషివే కాస్త అలూఫ్. రేపు మాట్లాడుకుందాం."

ఏడుపు మొహంతో ఇంటికి వచ్చి రూమ్మేటుకు చెప్పాను. ఆమెది వరంగల్. చపాతీలు కాలుస్తూ వెనక్కి తిరిగింది.

"ఏందే, ఆలూ అన్నదా నిన్ను?"

"ఆలూ కాదే, అలూఫ్. ఎవరితోనూ కలవనని."

"గదైతే నిజమే గదా! కింద ఓనర్ ఆంటీ నిన్ను మూగదానివనుకుంటున్నది."

భయం వేస్తే కొందరు దేవుణ్ణి తలుచుకుంటారు. నేను మాట పుట్టుక వెతుకుతాను. డిక్షనరీ తెరిస్తే, అలూఫ్ పాతకాలపు తెరచాప ఓడల మాట అని తేలింది. గాలి ఓడను ఒడ్డు రాళ్ల మీదికి నెడుతుంటే, మొనను గాలివైపు తిప్పి దూరంగా నడపమని చుక్కాని పట్టినవాడికి వేసే కేక నుంచి వచ్చిందట. అంటే అది పొగరు కాదు, ప్రాణరక్షణ! ఆ ఆనందంలో డైరీలో రెండు పేజీలు రాశాను.

మర్నాడు మేనేజర్ ఎదుట ఆ రెండు పేజీలూ ఇంగ్లీషులో, ఊపిరి తీసుకోకుండా అప్పజెప్పాను. కెనడా వచ్చాక ఒకే విడతలో నేనంత మాట్లాడడం అదే మొదలు. ఆమె కాఫీ కప్పు కింద పెట్టింది.

"అయితే ఓడవు నువ్వు. మరి ఆ రాళ్లు ఎవరు? నేనా?"

కాదని చెప్పబోయి, కంగారులో తల అడ్డంగా ఊపే బదులు నిలువుగా ఊపాను. ఆమెకు అది ఔననే కనిపించింది. కళ్లలో నీళ్లు తిరిగేలా నవ్వింది.

"ఇన్ని కబుర్లు కడుపులో పెట్టుకుని బన్నుల దగ్గర ఏం చేస్తున్నావు? సోమవారం నుంచి ముందు కౌంటర్‌లో ఉండు."

ఉద్యోగం నిలిచింది, దాక్కునే చోటు పోయింది. కొత్తవాళ్లతో రోజుకు ఆరు గంటలు మాట్లాడాలి. విని రూమ్మేటు పొట్ట పట్టుకుని నవ్వింది.

"సదువు, ఇంకా సదువు డిక్షనరీలు!"