గోడ మీది కొమ్ముల కుందేలు

న్యూజిలాండ్‌లోని హామిల్టన్‌లో మేం అద్దెకు దిగిన ఫ్లాట్‌లో, టీవీ పైన గోడకు ఒక కుందేలు ఉండేది. చచ్చిన కుందేలు తోలులో గడ్డి కూరి చేసింది. నెత్తిన జింక కొమ్ములు, వీపున బాతు రెక్కలు, నోట్లోంచి బయటికొచ్చిన కోరలు. ఓనరు జర్మనీ ముసలాయన, పక్క వాటాలోనే ఉండేవాడు. దాన్ని వోల్పర్టింగర్ అంటారని, వాళ్ల బవేరియా అడవుల్లో వెన్నెల రాత్రి అందమైన ఆడపిల్లలకే కనపడుతుందని చెప్పాడు. మరి దీన్ని ఎవరు పట్టారని అడిగాను.

“మా నాన్న. జిగురుతో” అన్నాడు.

నాకప్పుడు ఐదో నెల. పెళ్లయిన ఆరేళ్లకు నిలిచిన కడుపు. మా ఆయన కారు తీసుకుని ఆఫీసుకు పోతే, డ్రైవింగ్ రాని నాకు ఆ ఊళ్లో ఎక్కడికీ పోయే దారి లేదు. మాట్లాడే దిక్కు లేక కుందేలుతో మాట్లాడేదాన్ని. రోజుకో అబద్ధం కలిపి దాని కథ కడుపులో బిడ్డకు చెప్పేదాన్ని.

ఒక ఆదివారం, ఊరి చివరి రోటోటూనా నుంచి మాకు తెలిసిన ఆంటీ గోంగూర పప్పు తెచ్చింది. గోడ చూసి, గిన్నె కింద పెట్టడమే మర్చిపోయింది.

“గిదేందమ్మా? కడుపుతోటి ఉన్నోళ్లు గిసొంటివి చూడొద్దు” అంది.

ఆమె వెళ్లాక మా ఆయన ఆ మాటకు పడీపడీ నవ్వాడు. ఆ పూట ఆయన మీద నాకు ఎంత ప్రేమ పుట్టిందో.

తర్వాతి స్కాన్‌లో బిడ్డ గుండె కొట్టుకోవడం లేదు. కాన్పు చేసి, చేతికిచ్చారు. వేళ్లన్నీ సరిగ్గా ఉన్నాయి, ఏ వంకా లేదు. ఒక్కోసారి కారణం తెలియదు అన్నారు డాక్టర్లు. నేను ఆ మాట ఎలాగో మింగాను. ఆయన మింగలేకపోయాడు.

ఇంటికొస్తుంటే సిగ్నల్ దగ్గర, నా వైపు చూడకుండానే అడిగాడు.

“నువ్వు రోజూ ఆ కుందేలును చూస్తుంటివా?”

ఒళ్లు మండిపోయింది.

“చూసిన. మాట్లాడిన గూడ” అన్నాను.

ఇంట్లోకి రాగానే, బూట్లయినా విప్పకుండా కుర్చీ ఎక్కి దాన్ని దించాడు. పక్క వాటా తలుపు కొట్టాడు. గోడ పల్చన, అన్నీ వినపడతాయి. ఏమైనా విరిగిందా అని ముసలాయన కంగారుపడ్డాడు. లేదు, మా ఆవిడకు దాన్ని చూస్తే భయం అన్నాడు మా ఆయన.

భయమట. ఆ ఇంట్లో నన్ను తప్పు పట్టనిది అదొక్కటే.

ఆయన తిరిగొచ్చి, టీ పెట్టనా అని అడిగాడు. గొంతులో ప్రేమే ఉంది, కాదనను. కానీ ఆ మనిషి బిడ్డకు మళ్లీ తల్లిని కావాలన్న కోరిక నాలో అప్పటికే చచ్చిపోయింది.