అందర్నీ అడిగే మా బావ

మా బావకి ఒక్కటే జబ్బు. పది మందిని అడగందే ఏ పనీ చేయడు. ఆ పది మందికీ ఆ పని గురించి ఏమీ తెలియకపోయినా ఆయనకు అభ్యంతరం లేదు.

ఒకసారి అక్క బకెట్ కొనుక్కురమ్మంటే రెండు గంటల తర్వాత ఉత్త చేతులతో వచ్చాడు. "ఎర్రది మంచిదని ఆరుగురు, నీలం మంచిదని ఆరుగురు అన్నారోయ్. పదమూడో మనిషి దొరకలేదు," అన్నాడు దిగులుగా. రాంగ్ నంబర్ ఫోనొచ్చినా వదలడు. "ఎలాగూ చేశారు కదండీ, ఒక్క మాట..." అని మొదలెడతాడు.

ఆయన వంతెనలు కట్టే ఇంజినీరు. వంతెన విషయంలో మాత్రం ఎవర్నీ అడగడని, అంతా లెక్క ప్రకారమేనని అక్క ఒట్టేసి చెబుతుంది. అయినా ఆయన కట్టిన వంతెన మీద నేను కొంచెం వేగంగానే నడుస్తాను.

అలాంటి బావని కంపెనీ వాళ్లు నాలుగేళ్లు విదేశానికి వెళ్లమన్నారు. సరిగ్గా అప్పుడే అక్క లాయరు చదువు చదవాలనుకుంటోంది. తొమ్మిదేళ్లుగా కోర్టులో టైపిస్టు. "ఇన్నాళ్లూ అందరి వాదనలూ నేను కొట్టాను. ఒక్కసారి నా వాదన ఇంకొకరు టైపు కొడుతుంటే చూడాలిరా," అనేది. ఇక్కడ చేరితే మొగుడొక చోట, తనొక చోట. అక్కడ చేరితే ఆ డిగ్రీ మన కోర్టుల్లో చెల్లుతుందో లేదో! వారం రోజులు ఆలోచించి, తెచ్చుకున్న అప్లికేషన్ని మడిచి చీరల అడుగున పెట్టేసింది.

"చదవకపోతే కొంపేం మునగదు. నేనూ మీతోనే వచ్చేస్తాను," అంది.

బావ విచారణలోకి దిగాడు.

మంగలిని అడిగాడు. లిఫ్టు నడిపే అతన్ని అడిగాడు. పన్ను పీకించుకోవడానికి వెళ్లి, పక్క కుర్చీలో కూర్చున్న ముసలి లాయర్ని పట్టుకున్నాడు. ఇద్దరి నోళ్లలోనూ దూదే. పాపం, కాగితం మీద రాసుకుని మాట్లాడుకున్నారట.

"పరువు తీస్తున్నారు! చదవనని చెప్పాను కదా, ఇంకా ఏం అడుగుతారు?" అని అక్క కేకలేసింది.

"ఊరికే, తెలుసుకుందామని," అన్నాడు బావ వాచిన దవడతో.

ప్రయాణానికి ముందు ఆదివారం ఆయన పై అధికారి మా అక్కావాళ్లింటికి భోజనానికొచ్చాడు. అక్క రెండోసారి పప్పు వడ్డిస్తుండగా అడిగాడు:

"మీ ఆయన తిక్కేమిటమ్మా? ఆ దేశం రాజధానిలో చీఫ్ పోస్టు ఇస్తామంటే వద్దన్నాడు. అక్కడే ఎక్కడో చిన్న ఊళ్లో ఇప్పుడున్న ఉద్యోగమే కావాలని రాసిచ్చాడు. ఎందుకయ్యా అంటే, మన దగ్గర డిగ్రీ చెల్లే లా కాలేజీ ఆ ఊళ్లోనే ఉందిట! పాఠాలన్నీ ఇంగ్లీషులోనేనట. తిరిగొచ్చాక ఒక్క పరీక్ష రాస్తే మన కోర్టుల్లో వాదించొచ్చట. ఎవరో ముసలి లాయరు చెబితే, కాలేజీకి ఉత్తరం రాసి మరీ ఖాయం చేసుకున్నాడు."

అక్క గరిటె పట్టుకుని బావ వైపు తిరిగింది.

"ఊరందర్నీ అడిగారు. నన్నొక్కదాన్నే అడగలేదేం?"

"నిన్నడిగితే వద్దంటావు కదా," అన్నాడు బావ కంచంలోకి చూస్తూ.

అక్క ఆయన కంచంలో ఇంకో గరిటెడు విసురుగా వడ్డించింది. "సరే, చదువుతాను. కానీ ఇక మీదట ఏదైనా ముందు నన్నడగాలి. ఒప్పుకుంటారా?"

బావ తల గోక్కున్నాడు. మెల్లిగా పై అధికారి వైపు తిరిగాడు.

"ఒప్పుకోమంటారా?"