రాజు చెయ్యి వదిలిన బొమ్మ

జోగిపేట బస్సులో పటాన్‌చెరు దగ్గర ఒక అమ్మాయి ఎక్కి నా పక్కన కూర్చుంది. మెడలో మందుల ఫ్యాక్టరీ కార్డు, చేతిలో జపాన్ వాళ్లు బొమ్మలు గీసి కథ చెప్పే పుస్తకం. కళ్లజోడు పెట్టుకోలేదు కాబట్టి నాకు మాటలు కనబడలేదు, బొమ్మలే కనబడ్డాయి. ఎడమ నుంచి వరసగా చూశాను. కిరీటం పెట్టుకున్న రాజు ఒకడు ఖాళీ చేతులతో దాసిని ఏదో అడుగుతున్నాడు. ఆమె కోపంగా జవాబిస్తోంది. రాజు ఆమె చెయ్యి పట్టి లాగుతున్నాడు.

ఊరుకోలేకపోయాను. "కాదన్న మనిషి చెయ్యి పట్టి లాగడం ప్రేమా, అమ్మా?"

ఆ అమ్మాయి పకపకా నవ్వింది. "ఉల్టా సూసిన్రు సార్. ఇది ఉర్దూ లెక్క కుడి దిక్కు నుంచి సదవాలె. ముందుగాల చెయ్యి పట్టిండు. ఇడిచి అడుగు అన్నదామె. గప్పుడు ఇడిచి అడుగుతుండు."

"అయినా రాజు రాజే కదా? అడిగినా దాసి కాదనగలదా?"

"అవ్ సార్. గందుకే ఆమె గట్టిగ అనాలె." పుస్తకం మూసింది. "నాకు సంబంధం కుదిరింది. పిలగాడు మంచోడే. గని నా నౌకరి బంద్ చేయమని మా నాయినకు చెప్పిండు, నన్ను అడగనే లేదు. ఇయ్యాల సంగారెడ్డి బస్టాండుకొస్తుండు. అడుగుడు రాకపోతె ఈ పెండ్లే వద్దని చెప్త."

సంగారెడ్డిలో ఆమె దిగగానే ఒక యువకుడు నవ్వుతూ ఎదురొచ్చి ఆమె సంచి పట్టుకున్నాడు. ఆమె వదల్లేదు, ఏదో అంది. అతని నవ్వు పోయింది. సంచి వదిలేసి, ఖాళీ చేతులతో, మెల్లగా ఏదో అడిగాడు.

బస్సు కదులుతుంటే ఆమె నా కిటికీ వైపు చూసి, గాలిలో వేలిని కుడి నుంచి ఎడమకు కదిపి నవ్వింది.