అమ్మమ్మ ఉన్నన్నాళ్లూ ఆంటీ

శేషమ్మ అమెరికాలోని కాపెల్‌కి రాకముందే ఆమె కూతురు రచన, రచనతో ఉండే ఇంద్రజ కలిసి ఐదేళ్ల నైనికకి ఒక ఆట నేర్పారు. అమ్మమ్మ ఉన్నన్నాళ్లూ ఇంద్రజని ‘ఆంటీ’ అనాలి. మామూలుగా ఆ పిల్ల కన్నతల్లి రచనని ‘మమ్మీ’ అనీ, పుట్టిననాటి నుంచీ ఒళ్లో పెట్టుకు పెంచిన ఇంద్రజని ‘అమ్మ’ అనీ పిలుస్తుంది.

డాక్టర్ల సాయంతో బిడ్డని కన్నానని రచన తల్లికి చెప్పగలిగింది గానీ, ఇంద్రజతో కాపురం సంగతి చెప్పలేకపోయింది. శేషమ్మ లెక్కలో ఇంద్రజ ఇల్లు పంచుకున్న స్నేహితురాలు, అంతే.

రచన ఆఫీసు పనిమీద విమానంలో ఉన్న మధ్యాహ్నం, శేషమ్మ ఊరినుంచి తెచ్చిన జీడిపప్పు పాకం ముక్క తిన్న పిల్లకి పెదాలు ఉబ్బిపోయాయి. ఒళ్లంతా దద్దుర్లు. గుండెల్లో పిల్లికూతలు. ఇంద్రజ పిల్లనీ శేషమ్మనీ కార్లో వేసుకుని వీధి చివరి ఎమర్జెన్సీకి పరిగెత్తింది.

నర్సు పిల్లని అందుకుంటూ, “నీతో వచ్చింది ఎవరు, బంగారం?” అని ఇంగ్లీషులో అడిగింది.

నైనిక అమ్మమ్మ వంక చూసింది. ఆ ఆయాసంలోనూ, “ఇంద్రజ ఆంటీ,” అంది.

“నేను తల్లిని,” అంది ఇంద్రజ.

నర్సు ఆమెని ఎగాదిగా చూసింది. “పిల్ల అలా చెప్పలేదే. మీరు బయట ఉండండి.”

తలుపు మూసుకుంది. ఇంద్రజ తలుపుకి చెవి ఆనించింది. ఏ మందు ఇస్తున్నారో, ఊపిరి ఆడుతోందో లేదో. లోపల్నుంచి కేక వినబడింది.

“అమ్మా! అమ్మా!”

శేషమ్మ చటుక్కున తిరిగింది. “రచనని మమ్మీ అంటుందిగా. మరి ఎవర్నే పిలుస్తోంది?”

ఇంద్రజ తలెత్తలేకపోయింది. “నన్నే, ఆంటీ.”

శేషమ్మ మొహం నల్లబడింది. మళ్లీ కేక వినబడేసరికి తలుపు దబదబా బాదింది. నర్సు తెరవగానే ఇంద్రజ రెక్క పట్టుకుని ముందుకు నెట్టింది.

“దిస్ మదర్! ఐ గ్రాండ్‌మదర్, ఐ టెల్!” అని, తెలుగులో, “రచన రానీ, మీ ఇద్దరి సంగతీ అప్పుడు చెప్తా. పో ముందు,” అంది.

సూది మందు ఇచ్చినా నైనిక ఇంకా ఆయాసపడుతోంది. ఇంద్రజని చూసి చేతులు చాచింది. వెనకే అమ్మమ్మ కనబడగానే చేతులు ముడుచుకుంది.

“సారీ ఆంటీ,” అంది వణుకుతూ. “నేను మర్చిపోయా.”